తొలి సంతకం చెక్కు మీద కాదు

తెలుగులో కొత్తగా పుస్తకం వేయించుకునేవాడు మొట్టమొదటి సంతకం ఎక్కడ పెడతాడు? ఒప్పంద పత్రం మీద అని ఎవరైనా అంటే వాళ్లకు మన పుస్తకాల సంగతి తెలియదన్నమాట. పెట్టేది చెక్కు మీద. ఇప్పుడు చెక్కులు కూడా పోయి ఫోన్‌లో పిన్ను నొక్కడం వచ్చింది. డబ్బు ముట్టజెప్పాక ఇక కాగితం ఊసెత్తకూడదు. ఒప్పందం అడిగితే అవతలి మనిషిని అనుమానించినట్టట! లక్ష రూపాయల బండి కొనడానికి ఇరవై చోట్ల సంతకాలు గీకే మనిషి, పదేళ్లపాటు రాసుకున్న రాతను మాత్రం "అన్నగారి మీద నమ్మకం" అంటూ మెయిల్లో పెట్టి పంపేస్తాడు. ఆ అన్నగారు ఎన్ని కాపీలు వేశారో, ఎన్ని అమ్మారో, గోడౌన్లో ఎన్ని చెదలు తిన్నాయో ఇక ఈ జన్మకు తెలియదు.

నేనుండేది పుదుచ్చేరి తట్టాంచావడిలో. మా వాళ్లది యానాం. కాకినాడ పక్కనున్న యానానికి ప్రభుత్వం 800 కిలోమీటర్లకు పైగా అవతల, ఈ తమిళ ఊళ్లో ఉంటుంది. ఉద్యోగానికో, చదువుకో, జిప్మర్‌లో వైద్యానికో వచ్చి ఇక్కడే ఉండిపోయిన యానాం కుటుంబాల్లో మాదీ ఒకటి. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాష చట్టంలో యానాం కోసం తెలుగుకు చోటు పెట్టారు. నేను తిరిగిన పుస్తకాల షాపుల్లో మాత్రం ఒక్క అరైనా పెట్టలేదు. అందుకే కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో ఎవరొస్తున్నా ఆవకాయ వద్దు, రెండు పుస్తకాలు తెండి అంటాను. పోస్టులో తెప్పించుకుందామంటే, చవగ్గా వచ్చే రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబరులో తపాలాశాఖ ఎత్తేసింది. గొడవ అయ్యాక 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఇంకొకటి తెచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100. మధ్యలో ఆ నాలుగు నెలలూ చిన్న ప్రచురణకర్తలు పుస్తకం వెలలో సగం కొరియర్‌కే పోస్తుంటే పట్టించుకున్న నాథుడు లేడు. సరే, అది వేరే ఏడుపు.

యానాం చిన్న ఊరే గానీ సాహిత్యంలో చిన్నది కాదు. శిఖామణి కవిత్వం అక్కణ్ణుంచి వచ్చింది. దాట్ల దేవదానం రాజు 'యానాం కథలు' రాశారు. ఆ ఊరి నుంచే వచ్చి, మా వీధిలో ఉంటూ, ఒక ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పే అమ్మాయి కూడా కథలు రాసింది. మంచి కథలు. గోదావరి ఒడ్డున పుట్టి తమిళ ఊళ్లో అద్దెకుండే ఆడపిల్లల కథలు. ఇలాంటివి తెలుగులో నేను ఇంతకుముందు చదవలేదు. ఒకరోజు ఫోను పట్టుకొచ్చి, "బాబాయ్ గారూ, ఒక పబ్లిషర్ గారు వేస్తామన్నారండి. ఇది ఒకసారి చూస్తారా?" అంది.

చూశాను. వాట్సాప్‌లో రంగురంగుల పట్టిక. సిల్వర్, గోల్డ్, ప్లాటినం. పెళ్లిళ్లకు కేటరింగు వాళ్లు ఇచ్చే మెనూ కార్డే అనుకోండి, బూరెల చోట ముందుమాటలున్నాయి. నేను వేళాకోళం ఆడటం లేదు. గోల్డులో "ప్రముఖుల ముందుమాట 1", ప్లాటినంలో "ప్రముఖుల ముందుమాటలు 2" అని నిజంగానే రాసి ఉంది. గోల్డు ధర 60,000. రచయితకు 200 కాపీలు. ఐఎస్‌బీఎన్‌కు విడిగా 3,000.

ఆ 3,000 దగ్గర ఆగుదాం. మన దేశంలో ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు అంకె, ఇచ్చేది రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ, కేంద్ర విద్యాశాఖ కింద ఢిల్లీలో ఉంటుంది. పైసా తీసుకోదు. ప్రచురణ సంస్థలకే కాదు, సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకు కూడా ఉచితంగా ఇస్తుంది. సర్కారు ఉత్తపుణ్యానికి ఇచ్చే అంకెను 3,000కు అమ్మేవాణ్ణి ఏమనాలి? బయట రేషన్ బియ్యం అమ్ముకున్నవాడి మీద కేసు పెడతారు. ఇక్కడైతే వేదిక మీద శాలువా కప్పుతున్నాం.

ఇక లెక్క. పుస్తకం వెల 200 అనుకోండి. అమ్మాయి తన వాటా 200 కాపీలనూ ఒక్కటి కూడా ఊరికే ఇవ్వకుండా, ఒక్క రూపాయి తగ్గించకుండా అమ్మగలిగిందే అనుకోండి. వచ్చేది 40,000. అంటే అన్నీ అమ్ముడుపోతేనే, ఐఎస్‌బీఎన్ 3,000 కాకుండా, 20,000 నష్టం. పైగా ఏ రచయితా 200 కాపీలు నిండు ధరకు అమ్మడు, అమ్మలేడు. సగం చుట్టాలకు, స్నేహితులకు, పత్రికల సమీక్షకు, అవార్డుల పోటీకి నాలుగేసి ప్రతులు చొప్పున పోతాయి. మరి మిగతా కాపీలు? "అవి మేము మార్కెట్లో పెడతామండి" అన్నాడు ఆ పబ్లిషర్. ఎన్ని వేస్తున్నారు? "డిమాండును బట్టి మేడమ్." రాయల్టీ? "మొదటి ముద్రణకు ఉండదు మేడమ్." రెండో ముద్రణ ఎప్పుడు? "మొదటిది అయిపోయాక." అయిపోయిందని ఎవరు చెబుతారు? ఆ ప్రశ్నకు మాత్రం ఒక నవ్వు బొమ్మ పంపాడు.

అప్పటికే ఆమె అడ్వాన్సు కట్టేసింది. మామిడిపళ్ల కాలానికి వస్తుందన్న పుస్తకం సంక్రాంతికి వచ్చింది. నేను చేతిలోకి తీసుకుని మూడో కథ దగ్గర ఆపేశాను. కథ యూనికోడ్‌లో టైపు చేసి పంపింది పిల్ల. డీటీపీ చేసినాయన దాన్ని అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్లో పోశాడు, తర్వాత కన్నెత్తి చూడలేదు. ఫోన్‌లో అన్నది ఫోన్లో అయింది. పొల్లు ఉండాల్సిన చోట ఒత్తు, ఒత్తు ఉండాల్సిన చోట డొల్ల. పాత్ర ఒకామె ఇంగ్లీషులో పంపిన మెసేజ్ కథలో ఉంది. ఆ ఇంగ్లీషు అక్షరాలన్నీ తెలుగు ఫాంటులో పడి, ఏ భాషా కాని ఒక పేరా తయారైంది. కథకు ప్రాణం ఆ మెసేజే. పాఠకుడికి అది దయ్యం పట్టినవాడి గొణుగుడులా కనిపిస్తుంది. ప్రూఫులు పంపలేదా అని అడిగితే, "పీడీఎఫ్ పంపారండి బాబాయ్ గారూ, రాత్రికల్లా చూసి ఓకే అనమన్నారు, పొద్దున్న ప్రెస్సుకు వెళ్లాలన్నారు" అంది. 160 పేజీలు, ఒక రాత్రి, మర్నాడు బడి. ఓకే అంది పాపం.

ఇప్పుడు మా పారిశ్రామిక వాడకు రండి. తట్టాంచావడి అంటే ఈ ఊళ్లో ఫ్యాక్టరీల షెడ్లు, పరిశ్రమల శాఖ కార్యాలయం. అక్కడ నాకు తెలిసిన ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సుంది. మందుల కంపెనీలకు అట్టపెట్టెలు కొడతారు. ఫోర్‌మాన్ తమిళుడు, తెలుగక్షరం ముక్క రాదు. ఒక మధ్యాహ్నం వెళితే దగ్గు మందు పెట్టె పని నడుస్తోంది. అరచేయంత పెట్టె. దానికి కంపెనీ నుంచి వచ్చిన ప్రూఫు కాగితం మీద మూడు సంతకాలు: డిజైను చూసినవాడిది, మందు మోతాదు చదివినవాడిది, నాణ్యత విభాగం వాడిది. పక్కన రంగు ఇంతకన్నా ముదరకూడదు, ఇంతకన్నా లేతవ్వకూడదు అని రెండు నమూనా ముక్కలు, వాటి వెనకా సంతకాలు. ఆ సంతకాలన్నీ ఉంటేగాని ఆయన మిషను మీట నొక్కడు. పని అయ్యాక ఎన్ని షీట్లు ఎక్కాయి, ఎన్ని మంచివి, ఎన్ని పాడయ్యాయి లెక్క కట్టి, పాడైనవాటిని చింపి, ఆ లెక్క కూడా రాసి కంపెనీకి పంపాడు. పాడైన పెట్టె ఒక్కటి బయటికి పోయినా తన బిల్లు ఆగిపోతుందట.

తాగేసి పారేసే దగ్గు మందు పెట్టెకు ఉన్న పాటి మర్యాద తెలుగు కథల పుస్తకానికి లేదు. అచ్చుకు ముందు సంతకం లేదు. అచ్చయ్యాక లెక్క లేదు. తప్పు పోతే జవాబుదారీ లేదు.

దీనికి ఎప్పుడూ వినిపించే సమాధానం ఒకటుంది. తెలుగు పుస్తకం అంతేనండీ, ఇది లండనా, న్యూయార్కా అని. సరే, అక్కడేం జరుగుతుందో చూద్దాం. అక్కడ తొలి నవల రాసినవాడితో సంస్థ మొదట కాగితం రాసుకుంటుంది. అడ్వాన్సు సాధారణంగా విడతలుగా ఇస్తుంది: సంతకానికి కొంత, తుది ప్రతి అందాక కొంత, పుస్తకం బయటికొచ్చాక కొంత. సంతకానికీ విడుదలకూ మధ్య ఏడాది, ఏడాదిన్నర, కొన్నిసార్లు రెండేళ్లు. ఆ కాలమంతా రాతప్రతి గూట్లో పడి నిద్రపోదు. ఎడిటర్ కథ నడక మీద పొడుగాటి ఉత్తరం రాస్తాడు. రచయిత తిరగరాస్తాడు. తర్వాత వాక్యం వాక్యం సరిచూసేవాళ్లు వేరు, ప్రూఫులు చూసేవాళ్లు వేరు. విడుదలకు నెలల ముందే సమీక్షకులకు, షాపులకు ప్రతులు వెళతాయి. అదేమీ స్వర్గం కాదు. చాలామందికి వచ్చే అడ్వాన్సు ఇంటద్దెకు చాలదు, అమ్ముడుపోని పుస్తకాలు అక్కడా తుక్కు కిందకే పోతాయి. కానీ ఒక్కటి గమనించండి. డబ్బు నడిచేది సంస్థ నుంచి రచయితకు. మన దగ్గర అది ఎదురు నడుస్తోంది. ఆ ఒక్క తేడాతో మిగతా అన్నీ తలకిందులయ్యాయి. పుస్తకం అమ్మితేనే డబ్బు వచ్చేవాడికి పుస్తకం బాగుండాలన్న పట్టింపు ఉంటుంది. పుస్తకం అచ్చేయకముందే లాభం తీసుకున్నవాడికి ఎడిటర్ దేనికి? ప్రూఫు దేనికి? అసలు పాఠకుడే దేనికి? ఆయన ఖాతాదారు రచయితే.

పూర్వం కవి కావ్యం రాసి రాజుకో జమీందారుకో అంకితమిచ్చేవాడు. కృతికర్త ఒకడు, కృతిభర్త ఇంకొకడు. ఇప్పుడు రెండు వేషాలూ ఒక్కడే కడుతున్నాడు. తన కావ్యాన్ని తానే పుచ్చుకుని, తన పల్లకీ తానే మోసుకుంటున్నాడు.

మన చట్టమేమీ గుడ్డిది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ తీసి చదవండి, రెండు పేజీలుండదు. హక్కులు రాసివ్వడమంటే కాగితం మీద, రచయిత సంతకంతో ఉండాలి, లేకపోతే చెల్లదు. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. అన్నిటికన్నా పదునైనది నాలుగో ఉపవిభాగం: హక్కులు తీసుకున్నవాడు ఏడాదిలోగా వాటిని వాడకపోతే, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ హక్కులు రద్దయినట్టే. అంటే మీ రాతప్రతిని "క్యూలో ఉందండి" అంటూ మూడేళ్లు కుర్చీ కింద పెట్టుకోవడానికి ఎవడికీ హక్కు లేదు. 57వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, రచన తనదని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా దాన్ని చెడగొడితే అడ్డుకునే హక్కు రచయితకే ఉంటాయి. కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చేయించుకుంటే సాక్ష్యానికి పనికొస్తుంది.

ప్రచురణకర్త నెత్తిన కూడా చట్టం బాధ్యత పెట్టింది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. ఆ మూడింట్లో మద్రాసు కన్నెమరా ఒకటి. పంపకపోతే శిక్ష ఎంతో తెలుసా? 50 రూపాయల దాకా జరిమానా, పైన పుస్తకం వెల. ఈ 50 చూసి నవ్వుకుని ఎంతమంది ఎగ్గొడుతున్నారో గాని, ఆ పిల్ల పుస్తకం మటుకు కలకత్తాకు పోలేదు. కారణం, ఆ పుస్తకం మొదటి పేజీలో ప్రచురణకర్తగా అచ్చయింది ఆవిడ పేరే! సంస్థ లోగో అట్ట మీదుంది, చిరునామా "ప్రతులకు" అన్న చోట ఉంది, చట్టబాధ్యత మాత్రం టీచరమ్మ మెడకు చుట్టారు. ఇది తెలియక జరిగిందని ఎవరైనా అంటే నేను నమ్మను.

పూర్వం మనం ఇలా లేము. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టింది చందాదారులు. పాఠకుల డబ్బుతో పుస్తకాలు వచ్చాయి. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టాడు. పట్టుమని పాతికేళ్లు లేవు, ఆస్తీ లేదు. హోటల్లో సర్వర్‌గా, పత్రికలో ప్రూఫ్ రీడర్‌గా పనిచేసిన మనిషి. నిజాం పాలనలో, పోలీసుల కళ్లెదుట, ఇతరుల రచనలు వేసి, తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. తన సొంత నవల 'ప్రజల మనిషి' అచ్చులోకొచ్చింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. ప్రూఫు చూడటం తెలిసినవాడు, అమ్మడం తెలిసినవాడు, ముందు పక్కవాడి పుస్తకం వేసినవాడు. ప్రచురణకర్త అన్నమాట ఆయనకు సరిపోతుంది. మచిలీపట్నంలో పుట్టిన ఎమెస్కో ఇంటింటా సొంత గ్రంథాలయం అంటూ పుస్తకాలను పోస్టులో ఇళ్లకు చేర్చింది. 1978లో మొదలైన 'చతుర' నెలకొక నవల అచ్చేసింది. కొత్తవాళ్లెందరికో అదే మొదటి గుమ్మం. రచయితకు పారితోషికం ఇచ్చేది, తీసుకునేది కాదు. 2021లో అది మూతపడ్డప్పుడు పాఠకులు బాధపడ్డారు. బాధపడాల్సింది రాయబోయేవాళ్లు.

అలాగని పాతకాలమంతా బంగారమనను. శ్రీశ్రీ 'ప్రభవ' 1928లో వచ్చినప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు, వేసింది విశాఖలో మిత్రుల కవితాసమితి. ఆ తర్వాత 'మహాప్రస్థానం' గీతాలు పత్రికల్లో వచ్చాయి, కుర్రకారు నోళ్లలో నానాయి. చలం 1940లోనే 'యోగ్యతాపత్రం' రాసిచ్చాడు. పుస్తకం ఎప్పుడొచ్చింది? 1950లో, మచిలీపట్నం నుంచి, నళినీకుమార్ అనే అభిమాని పూనుకుంటే. ముందుమాటకూ పుస్తకానికీ మధ్య పదేళ్లు! ఒక యుగాన్ని మార్చిన పుస్తకానికి దిక్కయింది సంస్థ కాదు, ఒక మనిషి మంచితనం. మనం ఈ కథను గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ పూనుకున్న మనిషి లేకపోతే? శ్రీశ్రీకే పదేళ్లయితే, పేరులేనివాళ్లవి ఎన్ని పెట్టెల అడుగున చివికిపోయి ఉంటాయి?

ఇక్కడే ఈ పుదుచ్చేరిలో తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి పదేళ్లు తలదాచుకున్నాడు, 1908 నుంచి 1918 దాకా. ఈశ్వరన్ ధర్మరాజా కోవెల వీధిలో ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, బస్సుల్లో వచ్చి చూసిపోతారు. తమిళనాడుకు తిరిగి వెళ్లాక 1920లో, తన రచనలన్నీ అచ్చేస్తాను, అప్పివ్వండి, వడ్డీతో తీరుస్తాను అని తెలిసినవాళ్లకు లేఖ పంపాడు. ఆ డబ్బు రాలేదు. మరుసటి ఏడు పోయాడు. తర్వాత ఆ పాటల హక్కులు చేతులు మారి, కొన్ని సినిమా నిర్మాత ఏవీ మెయ్యప్పన్ దగ్గరికి చేరి, చివరికి 1949లో మద్రాసు ప్రభుత్వం తీసుకుని తరువాత జనానికి వదిలింది. బతికుండగా అప్పు పుట్టని రాతకు చచ్చాక బేరాలు! మా పక్కనున్న లాస్‌పేటలో కి. రాజనారాయణన్ ఉండేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, తెలుగువాళ్లు దక్షిణానికి వలసపోయిన కథను 'గోపల్ల గ్రామం'లో తమిళంలో రాశారు. 2021 మే 17న ఇక్కడే పోయారు, తమిళనాడు ప్రభుత్వం లాంఛనాలతో సాగనంపింది. ఆయన తెలుగులోనే రాసి ఉంటే సిల్వర్ ప్యాకేజీయా, గోల్డా అని అడిగి ఉండేవారేమో.

ప్రచురణకర్తల గోడు నాకు తెలియదనుకోకండి. ఒకప్పుడు వెయ్యి వేసేవాళ్లు, ఐదొందలకు, మూడొందలకు దిగారు. షాపువాడు వెలలో నూటికి నలభై దాకా పట్టుకుంటాడు, మిగిలింది కూడా ఎప్పుడిస్తాడో తెలియదు. పుస్తకానికి జీఎస్టీ లేదు గాని కాగితానికి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటిపన్ను రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను జనం దగ్గర వసూలు చేస్తారు, అది గ్రంథాలయాలకు చేరక మునిసిపాలిటీల్లో బకాయి పడుతోందని ఉద్యోగులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. నిజమే. అన్నీ నిజమే. మంచి లెక్క కూడా వేసి చూపిస్తాను: 200 వెల పుస్తకం 500 కాపీలూ అమ్ముడుపోయి, నూటికి పది రాయల్టీ నిక్కచ్చిగా ఇచ్చారనుకోండి. రచయితకొచ్చేది 10,000. సంస్థకు మిగిలేదీ గొప్పేమీ కాదు. ఇందులో ఎవడూ మేడలు కట్టడు.

అందుకే నేను డబ్బు గురించి అరవడం లేదు. పెట్టుబడి పెట్టే స్తోమత లేకపోతే లేదని చెప్పండి. అచ్చేసి పెడతాం, ఇంత ఖర్చవుతుంది, అమ్మకం మీదే అనండి. అది గౌరవమైన వ్యాపారం, మా ఫోర్‌మాన్ చేసేదీ అదే. ఆ పని చేస్తూ ప్రచురణకర్తనని బోర్డు పెట్టుకోకండి. "మీ కథలు మా సంపాదకమండలి ఎంపిక చేసింది" అని తొలి రచయిత్రికి ఉత్తరం రాసి, రెండో పేరాలో ఖాతా నంబరు ఇవ్వకండి. ఎంపిక అన్న మాట విని ఆ పిల్ల రాత్రంతా నిద్రపోలేదు. ఆ ఆనందాన్ని అమ్ముకున్నారు మీరు, పుస్తకాన్ని కాదు. ఈ మధ్య ఛాయ, అన్వీక్షికి లాంటి కొత్త సంస్థలు కుర్రవాళ్ల పుస్తకాలు తెచ్చి, అట్టలకు శ్రద్ధ పెట్టి, పాఠకుల్ని వెతుక్కున్నాయి. కొత్తవాళ్ల పుస్తకాలకు జనం లేరన్న మాట పూర్తి నిజం కాదని దానివల్లే తెలిసింది.

మరి రచయితలో? మనమూ తక్కువ తినలేదు. ఒప్పందం చదవం, ఆవిష్కరణ సభకు ఎవరిని పిలవాలో మాత్రం నెల ముందు నుంచి కొట్టుకుంటాం. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, వక్తలు నలుగురు. వేదిక మీద పదిమంది, కింద పన్నెండుగురు, అందులో నలుగురు ఫొటోలు తీసేవాళ్లు. ఒక్కొక్కరికీ శాలువా, ఒక పుస్తకం ఊరికే. ముందుమాట కోసం ఒక పెద్దాయన గుమ్మం ముందు ఆరునెలలు కాచుకుంటాం, ఆయన రెండు కథలు చదివి పన్నెండింటినీ మెచ్చుకుంటాడు. ఆ ఆరునెలలు ఒక కటువైన ఎడిటర్‌తో కూర్చుంటే పుస్తకం ఎక్కడికో పోయేది. మిత్రుడు ఫోను చేసి "పుస్తకం వచ్చిందటగా, ఒకటి పంపించు" అంటే పోస్టు ఖర్చు కూడా మనమే పెట్టుకుని పంపుతాం. సినిమా టికెట్టు ఊరికే అడిగితే సిగ్గు, పుస్తకం ఊరికే అడిగితే ఆత్మీయత. పేరున్న సీనియర్లకు ఇంకో మాట. మీకు ఒప్పందాలున్నాయి, రాయల్టీ లెక్కలు కూడా కొందరికి వస్తున్నాయి. కొత్తవాళ్లకు ముందుమాటలు రాసిచ్చే బదులు మీ ఒప్పందం కాగితం ఒకటి, అంకెలు చెరిపేసైనా సరే, చూపించవచ్చు కదా? పదిమంది చూపిస్తే వందమంది అడుగుతారు. ఎందుకు చూపించరు? ఒకవేళ మీకూ లేదా?

అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు, ఒక్క కాగితానికి రెండు వైపులా సరిపోతుంది. ఏ హక్కులు ఇస్తున్నాను, అచ్చు ఒక్కటేనా, ఈబుక్కు, ఆడియో, అనువాదం, సినిమా కూడానా? ఎంతకాలం? ఏ తేదీలోగా పుస్తకం వస్తుంది, రాకపోతే హక్కులు నాకు తిరిగొస్తాయా? ఎన్ని ప్రతులు వేస్తున్నారు, ప్రెస్సు బిల్లు నాకు చూపిస్తారా? ఎడిట్ ఎవరు చేస్తారు, ప్రూఫు చదవడానికి నాకెన్ని వారాలు? నా సంతకం లేకుండా మిషను ఎక్కించరని రాస్తారా? ఏటా ఏ నెలలో లెక్క పంపుతారు? డబ్బు నేనే పెడుతున్నానంటే మరి ఆ ప్రతులు ఎవరివి, మిగిలినవి ఎవరివి? ఇందులో ఏ ఒక్కదానికి "అవన్నీ ఎందుకు మేడమ్, మనం మనం" అని జవాబొచ్చినా ఫోను పెట్టేయండి. పుస్తకం ఆలస్యమైతే కావచ్చు. మా ఫోర్‌మాన్ దగ్గరకొచ్చి మీరే అచ్చేయించుకోండి, ఐఎస్‌బీఎన్ మీరే తెచ్చుకోండి. కనీసం ఎన్ని కాపీలు వేశారో మీకు తెలుస్తుంది.

ఆ పిల్ల ఇప్పుడు నవల రాస్తోంది. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుంది. జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది, సంక్రాంతి సెలవులకు యానాం వెళ్లేటప్పుడు దారిలో దిగుతానంది. నేనూ వస్తున్నాను. స్టాల్ స్టాల్‌కూ వెళ్లి పుస్తకాలు కొంటాం, ఊరికే అడగం. బిల్లు కట్టాక ఒక్కటి అడుగుతాం: కొత్త రచయితతో మీరు చేసుకునే ఒప్పందం నమూనా ఒకటి ఇవ్వండి, ఇక్కడే నిలబడి చదువుకుంటాం. ఇచ్చిన సంస్థల పేర్లు రాస్తాను. ఇవ్వని వాళ్ల పేర్లు కూడా రాస్తాను.